వాడు వచ్చేదాకా కూర్చో

పిట్‌ముయిర్, ఫైఫ్
1887 నవంబరు 9

నా బంగారుకొండ నీనియన్‌కు,

నాయనా, ఉత్తరం అందింది. అందింది! తొమ్మిదేళ్ళ తర్వాత నీ చేతిరాత చూశాను. టపా అతను తెచ్చేసరికి నేను సమాధుల తోటలో ఒక ముసలామె కోసం గొయ్యి తవ్వుతూ నడుంలోతున ఉన్నాను. పైకి వచ్చే ఓపిక లేక అక్కడే నిలబడి చదివాను. నా చదువు నిదానం కదా, నాలుగు వాక్యాలూ అయ్యేసరికి కాళ్ళు చల్లబడ్డాయి. గోడ అవతల చేపలు ఆరేస్తున్న ఎపీ లంసడెన్ చూసి, "ఏమయ్యా యాండ్రా, గోతిలో నిలబడి ఒక్కడివే నవ్వుతున్నావు, దారినపోయేవాళ్ళు దడుచుకుంటారు, పైకి రా!" అని కేకలేసింది. "మా అబ్బాయి రాశాడే!" అన్నాను. "ఏం కావాలిట?" అంది. దానికి నోరు ఎక్కువ. మొగుడు సముద్రంలో పోయినప్పట్నించీ మరీను. నువ్వు పట్టించుకోకు.

నాయనమ్మ రాట్నం ముందు చెబుతుండే ఆ పాతకవి పంక్తులు గుర్తున్నంతవరకూ పంపమన్నావు. ఎందుకు గుర్తుండవు నాయనా! ఆయన పేరు మా అమ్మకీ తెలీదు. నాలుగువందల ఏళ్ళనాటివాడని పాదిరీగారు అంటారు. ఆయన రాసినవి ఎడిన్‌బరాలో సగం కాలిన కాగితాల్లో ఉన్నాయనీ, మిగతావి జనం నోళ్ళలో వెతుకుతున్నాననీ రాశావు. మా అమ్మ నోట్లో ఉన్నది నీకు పనికొస్తుందంటే ఇంతకన్నా ఏం కావాలి? ఇదుగో రెండు.

వేసవి ఒక కిటికీ, చలికాలం ఒక గోడ.
కిటికీలోంచి ఎంతసేపు చూసినా
నిద్రపోవలసింది గోడవైపు తిరిగే.

ఇంకొకటి:

రాజుగారి ఉంగరం జారిపోయింది,
వేలు సన్నబడింది గనక.
ఉంగరం దొరికింది. వేలేదీ?

బాబూ, మీ అమ్మ గొయ్యి నేనే తవ్వానని నీకు కోపం వచ్చింది. నీ కాలేజీ స్నేహితులు చూస్తుండగా చొక్కా చేతులు మడిచి గోతిలోంచి పైకొచ్చి, ఆ మట్టిచేతులే వాళ్ళకి చాచాను. తప్పే. కడుక్కోవలసింది. కానీ జోనెట్ గొయ్యి ఇంకొకడిచేత ఎలా తవ్విస్తాను చెప్పు? సరే, అదంతా పోనీ. నువ్వు రాశావు, చాలు.

నీ కన్నతండ్రి,
యాండ్రా గౌర్లే


ఎడిన్‌బరా
1887 నవంబరు 21

నాన్నగారికి,

రెండూ అందాయి. మొదటిది ఇదివరకే వేరేచోట దొరికింది. రెండోది కొత్తది, పనికొస్తుంది. ఇంకా ఉంటే పంపండి. నాయనమ్మ ఎలా చెప్పిందో అలాగే రాయండి, మీ సొంత మాటలు కలపవద్దు. ఊరి కబుర్లు, ఎపీ సంగతులు నాకు అవసరం లేదు. పంక్తులు ఉన్న ఉత్తరానికి జవాబు రాస్తాను. ఊరికే రాసిన ఉత్తరానికి రాసే తీరిక లేదు.

నీ. గౌర్లే


పిట్‌ముయిర్
1888 జనవరి 19

నాయనా నీనియన్,

డిసెంబరులో నాలుగు పంపాను, నువ్వు నాలుగింటికీ జవాబు రాశావు! "అందాయి" అని ఒక్కమాటే అయితేనేం. ఆ కాగితం గంజి తాగే గిన్నె పక్కన పెట్టుకుని తిన్నాను.

కొత్త సంవత్సరం రోజున గడప తొక్కే మొదటి మనిషివి నువ్వే అవుతావేమోనని ఓట్ల రొట్టె, ఎండుచేప సిద్ధం చేసి కూర్చున్నాను. నల్లజుట్టువాడు ముందు అడుగుపెడితే ఏడాదంతా మంచిది కదా, ఈ ఊళ్ళో నీ అంత నల్లజుట్టు ఎవరికుంది? చివరికి ఎపీ వచ్చింది. "నీ దొరబాబు రాడుగానీ ఆ చేప ఇటు పెట్టు, ఎర్రజుట్టు ఆడదాన్ని నేనొచ్చాను, ఇక ఏడాదంతా నీకు శనే!" అని పకపకా నవ్వింది.

ఆ తర్వాత నాకు జ్వరం తగిలింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. పదకొండు రోజులు పడుకున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పడుకుని ఉన్నప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. నాయనమ్మ చెప్పిందే. ఇన్నాళ్ళూ ఎలా మరిచిపోయానో!

నా మంచం పక్క కుర్చీ ఖాళీ.
నిలబడ్డావేం మృత్యువా? కూర్చో, వాడు వచ్చేదాకా.
తలుపువైపు నువ్వు చూస్తూ ఉండు,
నాకు చూపు ఆనడం లేదు.

ఎపీకి చదివి వినిపించాను. చేతిలో గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "మీ అమ్మ రాట్నం పాటలన్నీ నాకూ వచ్చు. పక్కింట్లో పుట్టి పెరిగినదాన్ని. ఇదెప్పుడూ వినలేదే?" అంది. "నీకు చెవుడు" అన్నాను. "నాకు చెవుడు కాదు, నీకు కొడుకు పిచ్చి" అంది. చూడు, దాని నోరు!

జవాబు రాస్తావు కదూ.

నీ కన్నతండ్రి


ఎడిన్‌బరా
1888 ఫిబ్రవరి 2

ప్రియమైన నాన్నగారికి,

కుర్చీ పంక్తులు మా ఆచార్యులు డాక్టర్ హాల్‌కెట్‌గారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఈ కాలంలో బతికున్న మనిషెవడూ ఇలా రాయలేడనీ, మృత్యువుకి ఇంత మర్యాదగా కుర్చీ చూపించడం పాతకాలపువాళ్ళకే సాధ్యమనీ అన్నారు. "వాడు" అన్నచోట ప్రభువు అని అర్థం రాస్తున్నాను.

పుస్తకం వేస్తున్నాం. కాలేజీలో నాకు స్థిరమైన ఉద్యోగం ఈ పుస్తకం మీదే ఆధారపడి ఉంది. ఆ కవివి ఇలాంటివి ఇంకా ఉండి తీరాలి. దయచేసి బాగా గుర్తు తెచ్చుకోండి.

మీ నీనియన్


పిట్‌ముయిర్
1888 ఏప్రిల్ 15

నా తండ్రీ, నా బంగారూ,

"ప్రియమైన" అని రాశావు! "మీ నీనియన్" అని రాశావు! ఆ రెండు మాటలూ పట్టుకుని పాదిరీగారింటికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఇరవయ్యేళ్ళుగా ఆయన చర్చిలో గంట కొడుతున్నాను, ఎప్పుడూ ఇవ్వలేదు.

నువ్వు "వాడు" అంటే ప్రభువని రాశావు. నాకు నవ్వొచ్చింది. మంచిదే, ప్రభువే అనుకోనీ, ఆయనా రావలసినవాడే.

ఈ రెండు నెలల్లో ఆరు పంపాను. గుర్తొస్తూనే ఉన్నాయి నాయనా, ఆపితే ఆగడం లేదు. పార పట్టుకుంటే చాలు, ఒకటి వచ్చేస్తోంది. ఇది నిన్నటిది:

నాకు కొలత తెలుసు, రాజుకీ రాణికీ ఒకటే.
పసిబిడ్డకి మాత్రం చిన్నది తవ్వుతాను,
పార బరువెక్కేది అప్పుడే.

జూన్‌లో పెద్ద హాల్లో అందరి ముందూ ఇవన్నీ చదువుతావని పాదిరీగారు పేపర్లో చూసి చెప్పారు. నేనొస్తాను! నల్లకోటు ఉంది. ఎపీ భుజం దగ్గర చిరుగు కుట్టిపెట్టింది. కుడుతూ, "వాడు రమ్మన్నాడా?" అంది. "పిలవడమేమిటే, కన్నకొడుకు" అన్నాను. దారం పంటికింద పెట్టి పుటుక్కున తెంపింది. దారి ఖర్చు నీకేం పెట్టను. వెనక వరసలో నిలబడతాను. చేతులు కడుక్కునే వస్తాను.

నీ కన్నతండ్రి


ఎడిన్‌బరా
1888 ఏప్రిల్ 20

ప్రియమైన నాన్నగారికి,

రావద్దు. హాలు చిన్నది, చోటు లేదు. ఈ వయసులో ఆ ప్రయాణం మీకు మంచిది కాదు. పుస్తకం పంపిస్తాను.

నీ. గౌర్లే


పిట్‌ముయిర్
1888 జులై 8

నా బంగారు నీనియన్‌కు,

పుస్తకం అందింది! అట్ట మీద మన ఇంటిపేరు, బంగారు అక్షరాల్లో! నేను గోతులు తవ్వడమే కాక రాళ్ళమీద పేర్లు కూడా చెక్కుతాను కదా. ఎన్ని పేర్లు చెక్కానో, అన్నీ పోయినవాళ్ళవే. బతికున్నవాడి పేరు ఇంత అందంగా ఉండటం ఇదే చూడ్డం.

ముందు నా పంక్తులే వెతుక్కున్నాను. నలభైమూడో పేజీలో కుర్చీ ఉంది. పాదిరీగారు పేపరు కూడా ఇచ్చారు. అందులో డాక్టర్ హాల్‌కెట్‌గారు, ఈ పుస్తకంలోకెల్లా గొప్పవి ఆ కుర్చీ పంక్తులూ, ఆ పసిబిడ్డ గొయ్యీ అని రాశారు. ఈ కాలంలో బతికున్నవాడెవడూ రాయలేడని మళ్ళీ అన్నారు.

నాయనా, ఇక దాచలేను. అవి నాయనమ్మవి కావు. పాతకవివీ కావు. నేనే కట్టాను! డిసెంబరు నాటికే మా అమ్మవి అయిపోయాయి. అయిపోయాయని రాస్తే నీ ఉత్తరం ఆగిపోతుందని భయమేసింది. జ్వరంలో ఆ కుర్చీ చూస్తూ పడుకుంటే అదే వచ్చింది. ఆ తర్వాతవన్నీ నావే. నీ తండ్రి, మట్టి తవ్వుకునేవాడు, ఎడిన్‌బరా ఆచార్యుల చేత కన్నీళ్ళు పెట్టించాడు! సంతోషం పట్టలేక పొద్దున్నే ఆ డాక్టరుగారికే రాసేశాను. "అయ్యా, ఆ బతికున్నవాణ్ణి నేనే, మా అబ్బాయికి కూడా ఇంతవరకూ తెలీదు, వాడి రక్తంలోనే కవిత్వం ఉందని తెలిస్తే మీరింకా మెచ్చుకుంటారు" అని. టపాలో వేసేశాను.

టపాలో వేసి వచ్చాక ముందుమాట చదివాను. "కీర్తిశేషులైన మా తండ్రి, పల్లెబడి ఉపాధ్యాయులు ఆండ్రూ గౌర్లే రాసిపెట్టుకున్న కాగితాల్లోంచి" అని ఉంది. ఎపీకి చూపించాను. "అచ్చులో పొరపాటు పడి ఉంటుందే, ఎడిన్‌బరాలో పని తొందర కదా" అన్నాను. అది నా మొహంలోకి చూసింది. "అవును, పొరపాటే" అంది. దాని గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. నాకు అప్పుడు కొంచెం భయమేసింది.

పొరపాటే కదూ నాయనా?

నీ కన్నతండ్రి


ఎడిన్‌బరా
1888 జులై 13

నాన్నగారూ,

పొరపాటు కాదు.

మీరు నాలుగేళ్ళ కిందటే పోయారని ఇక్కడ అందరికీ చెప్పాను. ఉపాధ్యాయులని చెప్పాను. పెట్టె దించేటప్పుడు కొడుకే పట్టాల్సిన తల దగ్గర తాడు పట్టి నా చేతులతో మిమ్మల్ని మట్టిలోకి దించానని డాక్టర్ హాల్‌కెట్‌గారికీ, వారి అమ్మాయి మార్గరీకీ చెప్పాను. సెప్టెంబరులో మాకు నిశ్చితార్థం.

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను వారి గదిలోనే ఉన్నాను. ఆయన పైకి చదివి ఎంత నవ్వారో. ఊరికొక పిచ్చివాడు ఉంటాడన్నారు. నేనూ నవ్వాను. మా నాన్నగారి దగ్గర పనిచేసిన ముసలి కాటికాపరి, తాగుబోతు, ఆయన పోయినప్పట్నించీ ఆయన పేరు పెట్టుకుని తిరుగుతున్నాడని చెప్పాను. నమ్మారు. నమ్మడమే కాదు, జాలిపడి, సెప్టెంబరులో పిట్‌ముయిర్ వచ్చి మా తండ్రిగారి సమాధి మీద పువ్వులు పెడతామన్నారు. ఎంత ఆపినా వినలేదు.

అవి మీ పంక్తులని తెలిస్తే నేను మోసగాణ్ణి. ఉద్యోగం పోతుంది, మార్గరీ పోతుంది. మీకు డెబ్బై రెండేళ్ళు, నాకు ముప్పయ్యొకటి. ఇద్దరిలో ఎవరి బతుకు ముందుందో మీరే చెప్పండి.

సమాధి ఉండాలి. రాయి ఉండాలి. 1884 నవంబరు అని ఉండాలి. మీరు కాపరిగా దూరంగా నిలబడండి. అడిగితేనే మాట్లాడండి. కన్నందుకు ఈ ఒక్కటీ చెయ్యండి.

నీ. గౌ.


పిట్‌ముయిర్
1888 ఆగస్టు 26

నాయనా,

రాయి అయింది. మీ అమ్మ పక్కనే నిలబెట్టాను. సెప్టెంబరంతా పాదిరీగారు తమ్ముడింట్లోనే ఉంటారు, అడ్డులేదు. ఊళ్ళోవాళ్ళకి కనబడకుండా మీరొచ్చేదాకా పాత తెరచాప గుడ్డ కప్పి ఉంచుతాను.

ఎన్నో పేర్లు చెక్కిన చేతికి తన పేరు చెక్కడం ఎంతసేపు అనుకున్నాను. "ఉపాధ్యాయులు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట ఎప్పుడూ చెక్కలేదు, ఈ ఊళ్ళో పోయినవాళ్ళంతా జాలర్లే. నీ పుస్తకం తెరిచి చూసి చెక్కాను. అక్షరాలు బాగా కుదిరాయి. నీకు నచ్చుతాయి.

ఎపీ వచ్చి నడుంమీద చేతులు పెట్టుకుని, "సిగ్గులేదూ నీకు? వాడు చంపితే చంపాడు, రాయి కూడా నీచేతే మోయిస్తున్నాడే! ఆ రోజు నేను గోడమీదెక్కి అరిచి చెబుతాను, ఇదుగో ఈ యాండ్రాయే వీడి బాబు అని!" అంది. ఆ ఉలి కింద పెట్టి దాని కాళ్ళు పట్టుకున్నాను నాయనా. అరవనని ఒట్టేయించుకున్నాను. ఏడ్చుకుంటూ పోయింది. నువ్వేం దిగులు పెట్టుకోకు.

నాకు మాత్రం పండగలా ఉంది. నిన్ను చూస్తాను కదా!


ఎడిన్‌బరా
1888 సెప్టెంబరు 3

14వ తేదీ పదిగంటల బండికి వస్తున్నాం. రాయి మీద కుర్చీ పంక్తులు కూడా చెక్కించండి, మార్గరీ కోరిక. ఈ ఉత్తరాలన్నీ కాల్చెయ్యండి.


పిట్‌ముయిర్
1888 సెప్టెంబరు 15

నా బంగారుకొండకు,

నీ ఉత్తరాలన్నీ కాల్చేశాను. ఇదొక్కటి రాసి ఎపీ మేనల్లుడిచేత నీ చేతికే పంపుతున్నాను, చదివి నువ్వూ కాల్చెయ్యి. సంతకం పెట్టను, పెడితే నీకే ముప్పు. ఇక రాయను కూడా. పోయినవాడు ఉత్తరాలు రాస్తే బాగుండదు.

కానీ నిన్నటి సంతోషం ఎవరితో చెప్పుకోను? ఎపీ నాతో మాట్లాడటం మానేసింది.

ఎంత పెద్దవాడివయ్యావు! గేటులోంచి లోపలికొస్తుంటే చూశాను, మీ అమ్మ నడకే. ఆ అమ్మాయి చక్కగా ఉంది. తడిగడ్డి మీద జారబోతే చెయ్యి పట్టుకున్నావు. నేను పారకి ఆనుకుని గోడ దగ్గర నిలబడ్డాను, నువ్వు చెప్పినట్టే, దూరంగా. చేతులు కడుక్కున్నాను, చూశావో లేదో.

ఆ డాక్టరుగారే నా దగ్గరికొచ్చారు. నేను ముందు మాట్లాడలేదు. "ఏమోయ్, నువ్వేనా ఆ కవివి?" అన్నారు. నువ్వు ఆయన వెనక నిలబడి రాయికేసి చూస్తున్నావు. "కాదండీ, తాగి ఏదో రాశాను, తమరు క్షమించాలి" అన్నాను. "మళ్ళీ పెద్దలకి అలాంటి ఉత్తరాలు రాయకు" అన్నారు. "రాయనండీ" అన్నాను. "పాపం, చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు నాన్నా" అంది ఆ అమ్మాయి. సంచిలోంచి ఒక మిఠాయి తీసి నా చేతిలో పెట్టింది. మంచి పిల్ల. దాన్ని కష్టపెట్టకు.

"పోయినాయన నీకు తెలుసా?" అని అడిగారు డాక్టరుగారు. "ఎందుకు తెలీదండీ, కొడుకంటే ప్రాణం ఆయనకి" అన్నాను. "కొడుకేనా తల దగ్గర తాడు పట్టింది?" అన్నారు. నువ్వప్పుడు నాకేసి చూశావు. పదేళ్ళ తర్వాత నా కళ్ళల్లోకి చూడటం అదొక్కసారే. ఎంత భయపడ్డావు నాయనా! నేను నిన్ను పట్టిస్తానా?

"అవునండీ" అన్నాను. అడిగినదానికన్నా ఎక్కువే చెప్పాను, తప్పయితే క్షమించు. ఆ రోజు వాన పడుతోందన్నాను. ఎనిమిది తాళ్ళూ ఎనిమిదిమంది పట్టుకున్నారు, అందరూ వదిలేశాక కూడా తలదగ్గర తాడు కొడుకు వదల్లేదు, నేనే దగ్గరికెళ్ళి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను అన్నాను. చెబుతుంటే నాకే అంతా కళ్ళకి కట్టింది. అలాగే జరిగిందనిపించింది. ఆ అమ్మాయి నీ భుజంమీద తల పెట్టుకుంది. డాక్టరుగారు టోపీ తీశారు. ఆయనే ఆ పంక్తులు పైకి చదివారు, కుర్చీ దగ్గర్నించి చివరిదాకా. "నాలుగువందల ఏళ్ళు!" అన్నారు. నేనూ టోపీ తీశాను.

రాయి తీసెయ్యను, మళ్ళీ గుడ్డ కప్పి ఉంచుతాను. ఎప్పటికైనా అక్కరకొచ్చేదే. తేదీ ఒక్కటే తప్పు, అది దిద్దొద్దని ఎపీతో చెప్పి ఉంచుతాను. నిజంగా ఆ రోజు వచ్చినప్పుడు నీకు కబురు పంపరు, నువ్వూ రావద్దు. ఒక మనిషిని రెండుసార్లు పూడ్చడానికి కొడుకు రెండుసార్లు వస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

మీరు వెళ్ళిపోయాక రాయి దగ్గరికి వెళ్ళాను. నువ్వు మోకాళ్ళమీద కూర్చుని ఏడ్చావు కదా, భుజాలు ఎగరేస్తూ. దూరం నుంచి నాకు చూపు ఆనలేదు, నిజంగానో, వాళ్ళకోసమో తెలియలేదు. వేలితో తడిమి చూశాను. నా పేరు మీద తడి ఉంది. వాన పడలేదు నిన్న.

నాయనా, తను పోయినందుకు కన్నకొడుకు ఏడుస్తుంటే పక్కనే నిలబడి చూసే భాగ్యం ఏ తండ్రికి దక్కింది? నాకు దక్కింది. ఎంత బాగా ఏడ్చావు నా తండ్రీ!